ఎంగిలైన పండ్ల టీ

మాలిని గరిటెను పెదవులకు ఆనించింది. మళ్ళీ అదే గరిటెను అండాలో ముంచింది.

హాల్లో నలభై మంది బంధువులున్నారు. చూసింది అత్తగారికి ఆడపడుచు వరసైన కళైవాణి ఒక్కతే. ఆమె చూస్తే చాలు.

“చీ చీ! ఎంగిలి చేసింది! అండా అంతా ఎంగిలి!”

కల్యాణసుందరి గిరుక్కున తిరిగింది. కోడలి పెదవుల మీద తడి మెరుస్తోంది. గరిటె టీలోనే ఉంది.

ఆ వంశంలో గ్లాసు మూతికి తగిలించి తాగేవాళ్ళు లేరు. తల వెనక్కి వాల్చి, గ్లాసు పైకెత్తి, గొంతులో పోసుకుంటారు. పిల్లలకు నడక తర్వాత నేర్పేది అదే.

అందులోనూ ఇవాళ!

ఏటా మే నెలలో కోయంబత్తూరులోని ఈ ఇంట్లో బంధువులంతా కలుస్తారు. కులదేవత గుడిలో ఆ ఏటి పొంగలి ఎవరి చేత్తో వండాలో తేలుస్తారు. ముప్పై ఏళ్ళుగా ఆ చెయ్యి కల్యాణసుందరిదే. ఈసారి కోడలి పేరు చెప్పాలని ఆమె ఆశ. ఆరు నెలల క్రితం బోడినాయకనూరు నుంచి కోడలిగా వచ్చిన మాలిని ఆశ కూడా అదే.

కళైవాణి ఆశ వేరు. పొద్దున గడప దాటినప్పటి నుంచీ ఆమెది ఒకటే పాట.

“వదినకు వయసాయె. కన్ను ఆనడం లేదు. చెయ్యి వణుకుతా ఉండాది. ఇంక మా ఇంటికి ఇడిచిపెట్టండప్పా!”

ఆ నోరు మూయించాలనే అత్తాకోడళ్ళు తెల్లవారుజామునే లేచారు. మాలిని ఏలకులు వేసి డికాషన్ కాచి చల్లార్చింది. మామిడి, అనాస, నారింజ కోసింది. పుదీనా తుంచింది. కల్యాణసుందరి చివర్లో వచ్చి తీపి కలిపింది. ఐసు గడ్డలు వేశాక అండాను హాల్లోకి మోయడానికి ఇద్దరు మగవాళ్ళు కావలసి వచ్చారు.

“పండ్లు కోడలివి. తీపి నాది. తాగి చెప్పండి!” అంది కల్యాణసుందరి గర్వంగా.

మాలిని గ్లాసుల కోసం వంటింట్లోకి వెళ్ళింది. వచ్చీ రాగానే గరిటె అందుకుంది. అందుకుని, ఈ పని చేసింది.

“ఏం పిల్లవే నువ్వు? మీ బోడిలో ఇట్లనే పోస్తారా?” కళైవాణి ముక్కు మీద వేలేసుకుంది.

పొల్లాచ్చి నుంచి వచ్చిన మునుసామి మామ మాత్రం నవ్వాడు. ఆయన చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయి ఉంది.

“పో కళైవాణీ! ఐసులో పడినాక ఎంగిలేమి, గింగిలేమి? అంతా చచ్చిపోయుంటాది. బస్సులో నిలబడుకొని వస్తిని, నాలిక ఎండిపోయె. నాకు ఒక గ్లాసు ముంచమ్మా!”

కొందరు నవ్వారు. ఇంకో ఇద్దరు చేతులు చాచారు. మాలిని కదలకపోయేసరికి మునుసామి తానే గ్లాసు ముంచుకున్నాడు. తల వెనక్కి వాల్చాడు. గ్లాసు పైకెత్తాడు.

మాలిని పక్కనున్న పండ్ల పళ్ళెంలోంచి చటుక్కున నారింజ తొన తీసి నోట్లో వేసుకుంది. గబగబా నమిలింది. అండా మీదికి వంగింది.

తుపుక్కున ఉమ్మింది.

పసుపుపచ్చని పిప్పి ఐసు గడ్డ మీద పడింది. నురగతో, దారంలా సాగే లాలాజలంతో మెల్లగా జారి, మామిడి ముక్కల మధ్య మునిగింది.

“పులుపు చాలలేదు,” అంది మాలిని.

మునుసామి నోట్లో చుక్కైనా పడకముందే చేతిలోంచి గ్లాసు జారి నేల మీద పడింది. ఆయన నోరు మూసుకుని వాకిట్లోకి పరుగెత్తాడు. ఓకరింపులు లోపలికి వినిపించాయి. ఒక ముసలావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. పిల్లలు “ఉవ్వే” అన్నారు.

కల్యాణసుందరి విసురుగా అండా దగ్గరికి వచ్చింది.

“కుక్క గూడా తినే గిన్నెలో ఉమ్మదే! ఇట్లాంటిదాన్నా నేను ఏరి కోరి తెచ్చుకొంటిని? తూ! తీసకపోయి కాలవలో పారబొయ్యండి! ఆ అండా ఇంక నా ఇంట్లో ఉండకూడదు!”

నలుగురు మగవాళ్ళు మొహాలు పక్కకు తిప్పుకుని అండాను మోసుకెళ్ళారు. టీ అంతా మురుగు కాలవలో పోయేదాకా మాలిని గుమ్మంలో నిలబడి చూసింది. సిగ్గు కూడా లేదు, అన్నారెవరో.

పెద్దాయన పద్మనాభన్ గొంతు సవరించుకున్నాడు.

“ఎంగిలికి ఇంత మండిపడే చెయ్యి మనకు ఇంకొకటి దొరకదు. పొంగలి కల్యాణసుందరి చేతనే ఉండనీ. ఆ కోడలికి మాత్రం ఇచ్చేది లేదు. ఏ కాలానికీ లేదు.”

కళైవాణి కూడా తల ఊపింది.

మాలిని భర్త సూర్య ఆమెను రెక్క పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళాడు.

“ఎందుకు చేస్తివి? చెప్పు!”

“రేపు అత్తమ్మను కంటి డాక్టరు దగ్గరికి పిలుచుకొని పోండి.”

“ముందు నిన్ను పిచ్చి డాక్టరు దగ్గరికి పిలుచుకొని పోవాల!” అతను ఆమె రెక్క వదిలేసి వెళ్ళిపోయాడు.

మాలిని స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది, పదిసార్లు నోరు పుక్కిలించింది, ఆపైన పొద్దున అత్తగారు పొడి చక్కెర అనుకుని అండాలో గుమ్మరించి గ్లాసుల పక్కనే వదిలేసిన చీమల మందు డబ్బాను కొంగు మడతల్లోంచి బయటికి తీసింది.