కుంకుమ పడిన సీటు

ఆయుధ పూజ మర్నాడు, చిత్తూరులోని రూపేష్ కంప్యూటర్ల కొట్టుకు జ్ఞానాంబ ఒక గోనెసంచి మోసుకొచ్చింది.

అరవై దాటిన మనిషి. కాణిపాకంలో పూజసామాన్ల అంగడి ఆమెది.

సంచిలో పాత కంప్యూటరు. రూపేష్ మూత విప్పి చూస్తే లోపలంతా గంధం బొట్లు.

కంప్యూటరుకు మెదడు లాంటి ప్రాసెసర్ బోర్డు మీద కూర్చునే సీటులో, సన్నటి పిన్నుల మధ్య కూడా కుంకుమ పడింది. ఇక అదెలా వెలుగుతుంది?

"ప్రాసెసర్ ఊడదీసి పూజ చేసిందెవురవ్వా?"

"నేనే నాయనా. దుమ్ము తుడిసేకి తీసినా. ఆడ కూడా ఒక బొట్టు పెడదామని పెట్టినా."

ఇంట్లో మనవడెవడో చేసిన తప్పు తన మీద వేసుకుంటోందనుకుని రూపేష్ నవ్వుకున్నాడు.

ఆమె ఇంకో సంగతి అడిగింది. పిన్నులు బోర్డుకే ఉండే ఈ రకం తీసేసి, ప్రాసెసర్‌కే పిన్నులుండే పాత రకం వేయిస్తే కంప్యూటర్లో ఆట బాగా నడుస్తుందా అని.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పీ చెప్పీ రూపేష్ నోరు అరిగిపోయింది. ఆ రకంలో పిన్ను వంగితే సూదితో సరిచేయవచ్చు. ఈ రకంలో వంగితే చాలాసార్లు బోర్డే పోతుంది. తేడా అంతే.

"ఆటకు సీటుతో పని లేదవ్వా. దాంట్లో కూర్చునేది గట్టిదైతే సాలు. నీది గట్టిదే."

"అట్లయితే దీన్నే బాగుచెయ్యి. ఆదివారానికి కావల్ల."

ఆదివారం అన్న మాట వినగానే రూపేష్ ముఖం చిట్లించాడు.

ఆ రోజే అతని కంప్యూటర్ ఆటల జట్టుకు ఆన్‌లైన్‌లో పెద్ద పోటీ. గెలిస్తే ఐదుగురూ ఫైనల్సుకు బెంగళూరు వెళ్తారు.

గెలుపు సంగతి ఎలా ఉన్నా, అక్కడ కెప్టెన్‌ను చూడాలని రూపేష్ ఆశ.

కెప్టెన్ ఎవరో జట్టులో ఎవరికీ తెలియదు. ఫోన్ నంబరు లేదు. మాట్లాడడు. ఏదైనా ఆటలోనే రాస్తాడు.

నాయన చనిపోయాక రూపేష్ కొట్టు తెరవడం మానేసి ఇంట్లో పడి ఉంటే, రోజూ "అన్నం తిన్నావా" అని రాసి అతన్ని మళ్లీ మనుషుల్లోకి తెచ్చింది ఆ కెప్టెనే. ఆ మనిషికి ఒక్కసారి ఎదురుగా దండం పెట్టుకోవాలి.

బ్రష్షుతో, స్పిరిట్టుతో శుభ్రం చేస్తే ఆ సీటు గంట పని. ఆ గంట కూడా ప్రాక్టీసు వదులుకోవడం అతనికి ఇష్టం లేదు.

"సోమవారం రా అవ్వా. నీ మనవడు ఒక ఆదివారం ఆడకపోతే కొంపలేం మునిగిపోవు."

కొట్టులో ఉన్న కుర్రాళ్లు నవ్వారు. చెప్పబోయిన మాట మింగేసి, సంచి అక్కడే వదిలి ఆమె బస్టాండు వైపు వెళ్లిపోయింది.

ఆదివారం కెప్టెన్ రాలేదు.

ఆఖరి నిమిషం దాకా చూసి, నలుగురే ఆడి ఓడిపోయారు.

రూపేష్ కడుపు మండిపోయింది. కెప్టెన్‌ను జట్టులోంచి తీసేసి, నమ్మినవాళ్ల గొంతు కోసినావని, నీ ముఖం ఎప్పటికీ నాకు చూపించవద్దని రాసి పంపాడు.

సోమవారం జ్ఞానాంబ వచ్చి పక్కన స్టూలు మీద కూర్చుంది.

రూపేష్ దిగులుగానే సీటు శుభ్రం చేసి, ప్రాసెసర్ పెట్టి, బటన్ నొక్కాడు. వెలిగింది. మనవడికి చెప్పమన్నాడు, ఇంకోసారి లోపల బొట్లు పెట్టవద్దని.

"నాకు మనవళ్లు యాడుండారు నాయనా, బిడ్డలే లేకపోతే. ఆడేది నేనే. ఆ పొద్దు అందరూ నవ్వితే సెప్పలేకపోయినా."

రూపేష్ తెరను ఆమె వైపు తిప్పాడు.

"ఆట తెరువు నాయనా. నిన్న మా పిల్లోళ్లు నా కోసరం సూసి సూసి ఉంటారు. ముందు వాళ్లకు రెండు మాటలు రాయల్ల."

ఆట తెరుచుకోగానే, నిన్న తాను కెప్టెన్‌కు రాసిన మాటలు తెర మీద కనిపించి రూపేష్ చెయ్యి అడ్డం పెట్టబోయాడు కానీ, అప్పటికే జ్ఞానాంబ వాటిని చదివేసింది.