జాబితాలో అక్క లేదు

“మీ అబ్బాయికి చీకటంటే భయమా?” అడిగాడు కంపెనీ లాయరు.

బోనులో నిలబడ్డ తండ్రి, వెనక బెంచీ మీదున్న కూతురి వైపు చూశాడు.

ఫ్యాక్టరీలో లిఫ్టు తెగిపడి చనిపోయిన తమ్ముణ్ని, వాడి మూడేళ్ల వయసు నుంచీ పెంచింది ఆమే. తల్లి చనిపోగానే ఇల్లొదిలి వెళ్లిన తండ్రి, పదహారేళ్ల తర్వాత కొడుకు చావు కబురు విని వచ్చాడు. అయినా దుఃఖానికి పరిహారం అడిగే హక్కు ఆయనకే ఉంది. చట్టం రాసుకున్న జాబితాలో అక్క లేదు.

“కేసు వెయ్యకపోతే, వాడికోసం ఏడ్చేవాళ్లే లేరంటారమ్మా కంపెనీవాళ్లు” అన్నాడు తమ తరఫు లాయరు. కొడుకుని ఎరగని తండ్రని కోర్టులో తేలకూడదని, వారం రోజులు కూర్చుని తమ్ముడి అల్లరీ అలకలూ తండ్రికి నూరిపోసింది. పదేళ్లొచ్చేదాకా వాడు దీపం ఆర్పనిచ్చేవాడు కాదు. ఆ సంగతొక్కటీ చెప్పడం మరిచిపోయింది.

ఇప్పుడు నోరు విప్పితే కేసు పోతుంది. అరచేత్తో నోరు నొక్కుకుంది.

“చెప్పండి!” రెట్టించాడు కంపెనీ లాయరు.

తండ్రి తల దించుకున్నాడు. “నాకు తెలీదండీ. వాళ్లమ్మనడగండి.”

“ఆవిడ ఎప్పుడో పోయిందన్నారుగా?”

“పోయింది కన్నతల్లండీ. పెంచిన తల్లి అదిగో, ఆ వెనక కూర్చుంది.”

ఇన్నాళ్లూ ఎవరూ అనని మాట. ఆమె చెయ్యి జారిపోయింది, ఏడుపు కట్టలు తెంచుకుంది.

బంట్రోతు గబగబా వచ్చాడు.

“కోర్టులో ఏడవకూడదమ్మా. బయటికెళ్లండి.”