గ్యాలరీ వైపు చూడకు

“గ్యాలరీ వైపు చూడకు,” అన్నాడు కెల్విన్, పెదాల మీద నవ్వు చెరగనివ్వకుండా.

“చూడట్లేదు,” అంది లినెట్.

“చూస్తున్నావు. పొద్దుట్నుంచీ అదే పని. ఆ కారు దిగేవాడు గుడ్డివాడనుకున్నావా?”

మైదానం గేటు దగ్గర తెల్ల కారు ఆగింది. కెల్విన్ టాల్బిన్ షైరుకి, అంటే ఆ ఊరి స్థానిక పాలక మండలికి, మేయరు. లినెట్ అదే ఆఫీసులో భద్రత చూసే అధికారి. కారులో వచ్చినాయన స్టావ్రోస్, ఉమ్మడి బీమా నిధి ఇన్‌స్పెక్టరు.

చిన్న షైర్లకు విడిగా బీమా ఇవ్వడానికి ఏ కంపెనీ ముందుకు రాకపోతే, అవన్నీ కలిసి పెట్టుకున్న నిధి అది. ఒక ఊళ్లో గోడ కూలితే నష్టం అన్ని ఊళ్లూ మోయాలి. అందుకే ఏటా ఈ తనిఖీ. ప్రమాదం కనిపిస్తే స్టావ్రోస్ అక్కడికక్కడే ఎర్ర టేపు కట్టేస్తాడు. ఆ టేపు దాటి మనుషుల్ని రానిచ్చిన షైరుకి ఇక బీమా ఉండదు.

శనివారం ఫుట్‌బాల్ ఫైనల్. టాల్బిన్ జట్టు ఫైనల్ మొహం చూసి ఒక తరం గడిచింది. ఊరు ఊరంతా ఆ పాత చెక్క గ్యాలరీలోనే కూర్చుంటుంది. దాని కింది దూలాలను చెదలు తినేశాయని తెలిసింది ఇద్దరికే. కనిపెట్టిన లినెట్‌కి, ఆమె వెళ్లి చెప్పిన కెల్విన్‌కి.

“ఇంకెవరితోనూ అనలేదు కదా?”

“లేదు.”

“శనివారం దాటనీ, బాగు చేయిద్దాం. ఈలోగా అది మూతపడిందా, సోమవారం నీ కుర్చీలో ఇంకొకరుంటారు. అయినా జట్టు కెప్టెన్ నీ కొడుకే కదమ్మా! వాడు ఖాళీ బెంచీల ముందు ఆడాలా?”

లినెట్ గేటు వైపు తిరిగింది.

స్టావ్రోస్ దగ్గరికొచ్చి చెయ్యి కలిపాడు. “మిమ్మల్ని ఎక్కడో చూశాను.”

“నిరుడు మీ శిక్షణ తరగతికి వచ్చాను. వెనక వరసలో కూర్చున్నాను.”

“నిద్రపోయినవాళ్లలోనా?”

“మెలకువగా ఉన్న ఇద్దరిలో ఒకదాన్ని.”

ఆయన గట్టిగా నవ్వాడు. కెల్విన్ అంతకన్నా గట్టిగా నవ్వాడు.

పిల్లల ఉయ్యాలలు చూశారు. గొలుసులు బాగున్నాయి. ఈతకొలను కంచె చూశారు. గడియ సరిగ్గా పడుతోంది. యూకలిప్టస్ వేరు లేపేసిన కాలిబాటకు కొత్త సిమెంటు వేశారు. కెల్విన్ ఆయన పక్కనుంచి అడుగు కదల్లేదు. లినెట్ ఇన్‌స్పెక్టరుతో ఒంటరిగా నిలబడిన క్షణమే లేదు.

“మా ఊళ్లో ప్రాణాపాయం ఒక్కటే గురూ,” అన్నాడు కెల్విన్. “క్లబ్బు క్యాంటీన్లో మాంసం కూరి కాల్చే మీట్ పై. చల్లారకముందు కొరికితే నాలుక కాలుతుంది, చల్లారాక కొరికితే పన్ను ఊడుతుంది.”

చివరికి గ్యాలరీ ముందుకొచ్చారు. ఫైనల్ కోసం నీలం రంగు వేయించారు, తళతళలాడుతోంది. కిందికి వెళ్లే చిన్న తలుపుకి అడ్డంగా మైదానం రోలరు నిలబెట్టి ఉంది.

“ముచ్చటగా ఉంది,” అన్నాడు స్టావ్రోస్. రెయిలింగు పట్టుకుని ఊపాడు. కదల్లేదు. “సరే, ఇంతే కదా?”

“ఇంతే!” అన్నాడు కెల్విన్.

స్టావ్రోస్ కారు వైపు తిరిగాడు.

“టీ తాగి వెళ్లండి,” అంది గబుక్కున. “క్లబ్బు గదిలో... అటు కాదు, ఇలా రండి. మైదానం చుట్టూ తిరిగి వెళ్దాం.”

కెల్విన్ కళ్లు మూసుకున్నాడు.

“క్లబ్బు గది గ్యాలరీ పక్కనే కదా?” అన్నాడు స్టావ్రోస్. “చుట్టూ తిరగడమెందుకు?”

“అటు... ఎండగా ఉంటుంది.”

స్టావ్రోస్ తలెత్తాడు. ఆకాశం నిండా మబ్బులు. తర్వాత ఆమెకేసి చూశాడు. లినెట్ పెదవి కొరుక్కుంది. ఆమె కళ్లు రోలరు మీద వాలి, చటుక్కున పక్కకి తప్పుకున్నాయి.

“ఆ రోలరు కాస్త జరపండి,” అన్నాడాయన మెల్లగా.

“ఎందుకు గురూ, బురద...”

“జరపండి.”

ఆయన టార్చి పట్టుకుని వంగి లోపలికి వెళ్లాడు. స్క్రూడ్రైవర్ తీసి దూలానికి గుచ్చాడు. కేకులోకి దిగినట్టు పిడిదాకా దిగిపోయింది.

పది నిమిషాల్లో గ్యాలరీ చుట్టూ ఎర్ర టేపు బిగిసింది.

“ఒక్క శనివారం గురూ!” కెల్విన్ బతిమాలాడు. “ఒక్క ఆట!”

“మీవాళ్లు గోల్ కొడితే ఊరంతా ఒక్కసారి లేచి గంతులేస్తుంది. అప్పుడు ఏమవుతుందో మీరు చెప్పండి.”

కెల్విన్ ఎర్ర టేపుకేసి చూశాడు. “అసలు మీకెలా తెలిసింది?”

“దూలాలు చూసేది తర్వాత. ముందు పక్కన నడిచేవాళ్ల ముఖాలు చూస్తాను. శిక్షణలో నేను చెప్పే మొదటి పాఠం అదే.” ఆయన లినెట్‌కేసి జాలిగా చూసి, కారెక్కి వెళ్లిపోయాడు.

కెల్విన్ రోలరు మీద కూలబడ్డాడు.

“నిన్ను తీసేసి ఏం లాభం? బుద్ధి లేనిది నాకు. బళ్లో చదువుకునేటప్పటినుంచీ చూస్తున్నా, నీ కడుపులో ఉన్నది నీ ముఖం మీద కనపడిపోతుంది. ఇలాంటిదాన్ని వెంటేసుకుని తిరిగాను చూడు!”

“క్షమించు కెల్విన్.”

“పో. ఆ గడ్డి మీద కుర్చీలైనా వేయించు. రేపు ఊరంతా నిన్ను తిడుతుంటే నేనే సర్దిచెప్పాలి, పాపం దానికి నటించడం రాదని.”

లినెట్ తల వంచుకుని నడిచింది.

స్టావ్రోస్ చదివిన ఆ కంగారు ముఖాన్ని ఆమె వారం నుంచీ అద్దం ముందు సాధన చేసింది.