చిన్నకోడలి ఏసీ

మధ్యాహ్నం భోజనాలయ్యాయంటే చాలు, పెద్దకోడలికి కడుపులో మంట మొదలయ్యేది.

"అత్తయ్యా, ఏసీ వేశాను. రండి, హాయిగా పడుకుందురుగాని" అని చిన్నకోడలు తన గది గుమ్మంలోంచి పిలిచేది. అత్తగారు మోకాళ్లు పట్టుకుని లేచి, ఎండాకాలంలో శాలువా కప్పుకుని మరీ వెళ్లేది. వెనకాలే తలుపు మూసుకునేది.

ఏసీ రాకముందు ఆ వేళకి ఆవిడ పెద్దకోడలి మంచం మీదే నడుం వాల్చేది. పన్నెండేళ్లుగా అదే వరస. పెద్దకోడలు మోకాళ్లకు నూనె రాస్తుంటే ఆవిడ చుట్టాలందరి గుట్టూ విప్పేది. నూనె తుడుచుకోవడానికి ఒక పాత చీర పీలిక ఎప్పుడూ ఆవిడ నడుముకు దోపి ఉండేది. ఈమధ్య అదీ కనబడటం లేదు.

"పీలికేదత్తయ్యా?"

"ఏమోనే, ఎక్కడ పారేసుకున్నానో."

ఆ రాత్రి పెద్దకోడలు మొగుడి దగ్గర బయటపడింది. "నా చేతి నూనె చేదైపోయింది మీ అమ్మకి."

"చల్లగాలి వాళ్ల గదిలో, వేడి నీ నెత్తిన" అని నవ్వాడాయన.

మర్నాడు ఇల్లు సద్దుమణిగాక ఆమె వెనక బాల్కనీలోకి వెళ్లింది. చిన్నకోడలి ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం అక్కడ నడుమెత్తున వేలాడుతోంది. చిరిగిన జాకెట్టు ముక్కొకటి అందులో కుక్కింది. అది సగం దూరి ఆగిపోయింది. మిగతా సగాన్ని వేలితో నొక్కి, చేతులు కడుక్కుని వచ్చేసింది.

మూడోరోజుకే చిన్నకోడలు కేకేసింది. బీరువా జరిపితే వెనక గోడంతా చెమ్మ. పళ్లెమంత నల్లటి బూజు. బట్టలన్నీ ముక్కిన వాసన.

"ఆ వాసన నాకు పడదు తల్లీ. గోడ బాగయ్యేదాకా పెద్దదాని గదిలో పడుకుంటాలే" అంది అత్తగారు, ఇంకా గుమ్మం దాటకుండానే.

"అయ్యో, కొత్త రంగేసిన గోడ!" అంటూ పెద్దకోడలు మూతికి గుడ్డ కట్టుకుని బ్లీచింగుతో రుద్దిపెట్టింది. లోపల మాత్రం ఈలలు వేస్తోంది. రెండు రోజులకి బూజు అదే చోట మళ్లీ మొలిచింది. అత్తగారు ఆమె మంచం మీద గురకపెట్టి నిద్రపోయింది.

పదోరోజు చిన్నకోడలు మెకానిక్‌ని పిలిపించింది. స్కూటర్ చప్పుడు వినగానే పెద్దకోడలు బాల్కనీలోకి పరిగెత్తి తన గుడ్డముక్క లాగేసుకుంది. ఇక నీళ్లు వాటంతటవే వచ్చేస్తాయనుకుంది. చుక్క రాలేదు.

మెకానిక్ గోడ తట్టి చూసి బాల్కనీలోకి వచ్చాడు. వెనకాలే అందరూ వచ్చారు.

"గొట్టం మూసుకుపోయిందమ్మా. నీళ్లు వెనక్కి తన్ని గోడలోకి దిగాయి. ఇంతలా నానిందంటే నెల దాటి ఉంటుంది."

నెలా? పెద్దకోడలు గుప్పిట్లో తడిగుడ్డని నలిపింది. తను కుక్కి పది రోజులేగా.

"సాయంత్రానికల్లా బాగవుతుందటత్తయ్యా. రేపట్నించి మళ్లీ నా గదిలోనే!" అని చిన్నకోడలు మురిసిపోయింది.

వారం రోజుల భోగం ఇంతటితో సరి, అనుకుంది పెద్దకోడలు.

"ఎందుకులే బాబూ" అని అత్తగారు ముందుకొచ్చింది. "కొత్త వస్తువు. కెలికితే ఉన్నదీ పాడవుతుంది."

"మీరు పక్కకి జరగండి పెద్దమ్మా, చీర తడుస్తుంది."

మెకానిక్ పొడుగాటి తీగ కొన వంచి గొట్టంలోకి తోశాడు. రెండుసార్లు తిప్పి గట్టిగా లాగాడు. నల్లటి నీళ్లు బొళుక్కున అందరి కాళ్ల మీద పడ్డాయి.

వాటి వెనకాలే, తీగ కొనకు చుట్టుకుని, మోకాళ్ల నూనె వాసనేస్తూ, అత్తగారు పారేసుకున్న పాత చీర పీలిక బయటికొచ్చింది.