మొదటి చేప

లక్ష్ముడి కిట్ మీద రెండో గీత పడలేదు.

రాణి అతని దగ్గర ఇంకో చుక్క రక్తం తీసి మళ్ళీ చూసింది. ఈసారీ ఒక్కటే గీత. కిట్‌ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి ఎండలో పెట్టింది. లేని గీత ఎండలో పెడితే మాత్రం వస్తుందా?

రాణి జిల్లా ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తుంది. సొంతూరు నరసన్నపేట. లక్ష్ముడిది కళింగపట్నం. పడవ మీద వేటకి వెళ్ళే మనిషి. నోట్లోంచి మాట రావడమే గగనం. బయట బెంచీ మీద భార్య తాయారు, కూతురు అరుణశ్రీ కూర్చుని ఉన్నారు.

పిల్లకి పదేళ్ళు. చలిగాలి తగిలితే చాలు, కాళ్ళూ చేతులూ విరిచేస్తున్నట్టు నొప్పులు. సికిల్ సెల్ అన్నారు. గుండ్రంగా ఉండాల్సిన రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు. ఇన్నాళ్ళూ మాత్రలూ, రక్తం ఎక్కించడమూ, ఏడుపూ. అంతే వైద్యం.

ఇప్పుడు కొత్తది వచ్చింది. పొద్దున్నే పెద్ద డాక్టరు కూర్చోబెట్టి చెప్పాడు. ఒంట్లో పుట్టుకతో వచ్చిన రాత ఒకటి ఉంటుంది. జన్యువులంటారు. పిల్ల రాతలో ఒక్క అక్షరం తప్పు పడింది. ఆ తప్పును వెతికి పట్టుకునే కత్తెర లాంటి మందు కనిపెట్టారు. రక్తం చుక్కతో కలిపి కిట్‌లో వేస్తే, తప్పు ఉంటే రెండో గీత గీసి చూపిస్తుంది. అలాంటి కత్తెరతోనే పిల్ల ఎముక మూలుగలోంచి తీసిన కణాలను దిద్ది, మళ్ళీ పిల్లకే ఎక్కిస్తారు.

“కత్తెరేటో, కణాలేటో నాకు తెల్దు బాబూ. మా గుంటకి నొప్పి పోద్దా?” అంది తాయారు.

“పోవాలనే మా ప్రయత్నం. ముందు మీ ఇద్దరి రక్తం చూడాలి. తల్లి దగ్గర ఒక తప్పు, తండ్రి దగ్గర ఒక తప్పు, రెండూ కలిస్తేనే పిల్లకి ఈ జబ్బు వస్తుంది. అవి చూడకుండా మొదలుపెట్టం.” డాక్టరు కాగితంలో వాళ్ళ ఊరి పేరు చూసి అన్నాడు. “సాలూరు పక్క కొండ ఊళ్ళలో ఎక్కువ చూస్తాం దీన్ని. సముద్రం ఒడ్డున మీకెలా వచ్చిందో!”

“మాకు కొండ మీద సుట్టాలెవల్లేరు బాబూ. ఉంటే సేపలట్టుకెల్లి సింతపండు తెచ్చుకుందుం” అని తాయారు నవ్వేసింది.

ఆమె అంతే. పొద్దుట్నుంచి బెంచీ మీద వాళ్ళందరినీ నవ్విస్తూనే ఉంది.

“మా ఊర్లో వలలో పడ్డ మొదటి సేపని గంగమ్మ తల్లికని సముద్రంలోకే ఇసిరేస్తారు. ఇదిగో, ఈ మా మావ మాత్రం ఒడ్డుకి తెచ్చి, సరుగుడు తోటలో ఇసకలో పాతెడతాడు. ఏటి మావా ఇదీ అంటే పలకడు. గంగమ్మ ఈయనొక్కడి కోసం తోటలోకి కాపరం మార్చినాది!”

అందరూ పగలబడి నవ్వారు. లక్ష్ముడు నవ్వలేదు.

ఇప్పుడు రాణి చేతిలో లక్ష్ముడి కిట్ ఉంది. రెండూ కలిస్తేనే పిల్లకి వస్తుందన్నాడు డాక్టరు. తండ్రిలో తప్పే లేదు. అంటే ఈయన ఆ పిల్లకి తండ్రి కాడు.

ఇంతలో తాయారు లోపలికొచ్చి వేలు చాపింది.

“నాది తియ్యమ్మా. తప్పు నాలోనే ఉంటాది. ఇన్నాళ్ళూ నా గుంటని ఏడిపించింది నా రగతమే.”

“దానిదెందుకమ్మా?” అన్నాడు లక్ష్ముడు, గుమ్మంలోంచి.

“నువ్వూరుకో మావా. సూది పోటుకే సచ్చిపోతానేటి?”

రాణి చుక్క తీసి కిట్‌లో వేసింది. తాయారు పిల్లకి జడ వెయ్యాలని బయటికి వెళ్ళిపోయింది. లక్ష్ముడు తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. వలతాళ్ళు లాగి లాగి కాయలు కాసిన అరచేతిని తాయారు కిట్ మీద బోర్లించాడు.

“సూడకు తల్లీ.”

“అదేటన్నా! సూడాల గదా.”

“ఇది తేలితే గుంటకి వైద్యం ఆగిపోద్దా?”

“ఆగదు. పిల్ల కణాలతోటే పిల్లకి వైద్యం.”

లక్ష్ముడు గట్టిగా ఊపిరి వదిలాడు. చెయ్యి మాత్రం తియ్యలేదు.

రాణి గొంతు తగ్గించింది. “నీ కిట్ సూసినాను అన్నా.”

“గీత పడదు. నాకు తెలుసు.”

“పిల్ల నీది కాదని తెలుసా?”

“పుట్టిన్నాటి నుంచీ.”

తలుపు సందులోంచి తాయారు నవ్వు వినబడింది. పిల్ల జడకి రిబ్బను కడుతూ ఏదో అంటోంది. రాణికి ఒళ్ళు మండింది.

“ఇన్నేళ్ళూ పైకి అనకుండా కడుపులో దాసుకున్నావు. సూడు, ఎలా నవ్వుతన్నాదో. ఇంకొకడైతే జుట్టట్టుకుని ఈధిలోకి ఈడ్సును. నీలాంటి మొగుడు దొరకడం దాని అదృష్టం అన్నా. లేకపోతే అది సేసిన పనికి…”

“తల్లీ!”

అంత పెద్ద గొంతు ఆ మనిషిలో ఉందని రాణి అనుకోలేదు. లక్ష్ముడి కళ్ళు నిండిపోయాయి. తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు దించి అన్నాడు.

“కాన్పుకెల్లిన ఆసుపత్రిలో అది ఒళ్ళు తెలీకుండా పడున్నప్పుడు, అది కన్న పిల్ల సచ్చిపోతే నాను ఆ సరుగుడు తోటలో పాతెట్టొచ్చి, పక్క మంచం మీద కని కన్నుమూసిన దిక్కులేని కొండామె బిడ్డని దాని ఒళ్ళో ఎట్టినాను తల్లీ, కళ్ళు తెరిసి తన పిల్లే అనుకున్నాది, ఇయ్యాల్టికీ అదే అనుకుంటన్నాది.”