పెనం మీద ఆయిల్ చుక్క

“సాయంత్రం కామారెడ్డి నుంచి దివాకర్ వస్తడు. బండి అమ్మేస్తున్న. నువ్వు మస్కట్ పోయే తయారీల ఉండు” అన్నాడు బాలయ్య, కొడుకు మహేందర్ ముఖం చూడకుండానే.

వాకిట్లో పాత జేసీబీ బకెట్‌ను నేలకు ఆనించి నిలబడి ఉంది. పొద్దున స్టార్ట్ చేస్తే కీచుమని అరిచిందే తప్ప బకెట్ జానెడు కూడా లేవలేదు. మహేందర్ ట్యాంకు మూత విప్పి చూశాడు. తేనెలా మెరవాల్సిన హైడ్రాలిక్ ఆయిల్ తెల్లగా, చిలికిన మజ్జిగలా ఉంది. నీళ్లు కలిశాయి. బకెట్‌ను లేపేది ఆ ఆయిల్ బలమే. అది నీళ్లపాలైతే ఎంత పెద్ద బండైనా ఇనుప సామానే.

మహమ్మద్‌నగర్ చుట్టుపక్కల పొలాలు చదును చేయాలన్నా, కాలువలు తీయాలన్నా మహేందర్ చేతిలో ఉన్నది ఆ బండే. అది పోతే ఇక్కడ పనిలేదు. మస్కట్‌లో మేనమామ వీసా పంపడానికి సిద్ధంగానే ఉన్నాడు.

గుమ్మంలో నిలబడి మహేందర్ భార్య సుకన్య అంతా విన్నది. పెళ్లయి నెల తిరగలేదు. అతని చాయ్‌లో చక్కెర ఎంత వేయాలో ఇంకా చేతికి కుదరనే లేదు, అప్పుడే మస్కటా!

సాయంత్రంలోగా బాగవుతుందా అని మెల్లగా అడిగింది. ట్యాంకు ఖాళీ చేసి, కడిగి, ఫిల్టర్ మార్చి, డ్రమ్ములో మిగిలిన ఆయిల్ పోస్తే అవుతుందన్నాడు మహేందర్.

“బాపు ముంగట బకెట్ లేపి సూపిస్తే చాలు. మంచిగున్న బండిని ఆయన అమ్మడు” అన్నాడు.

ఇద్దరూ నడుం బిగించారు. తెల్లటి ఆయిల్ బుడబుడమంటూ డబ్బాల్లోకి దిగింది. కొత్త చీరకు మరకలైతే పోవని అత్త సత్యమ్మ లోపలి నుంచి హెచ్చరించింది. సుకన్య కొంగు దోపుకుని ట్యాంకు తుడుస్తూనే ఉంది. మహేందర్ ముక్కు మీద గ్రీజు మరక పడితే, అది కూడా అతనికి అందంగానే ఉందనిపించింది ఆమెకు.

చేతి పంపు పెట్టి డ్రమ్ములోంచి ఆయిల్ తోడబోతుంటే ఆమెకేదో తట్టింది.

“ఈ డ్రమ్ముల ఆయిల్ ఇంతకుముందు పోసినవా?”

“మొన్న తక్కువైతే పోసిన.”

“అప్పటిదాంక బండి మంచిగనే ఉండెనా?”

“మంచిగనే ఉండె.”

“అయితే ఆగు.”

స్నానాల నీళ్లు కాగే పొయ్యి దగ్గరికి పరుగెత్తింది. మూలన పడేసిన పగిలిన పెనాన్ని మంట మీద పెట్టింది. బాగా కాలాక, పంపు కొసన ఉన్న ఆయిల్ ఒక్క చుక్క దాని మీద విదిల్చింది. అది చిటపటమని ఎగిరిపడింది.

“తడి గరిట పోపుల వెడితే గిట్లనే అయితది గద. ఇందుల గూడ నీళ్లున్నయి” అంది.

మహేందర్ డ్రమ్ము చుట్టూ తిరిగి చూశాడు. ఆరుబయట నిటారుగా నిలబడి ఉంది. రాత్రి వాన నీళ్లు దాని మూత మీద ఇంకా నిలిచే ఉన్నాయి. బిరడా సందులోంచి రోజూ కాస్త కాస్తగా లోపలికి దిగి అడుగున చేరాయన్నమాట. ఇదే పోసి ఉంటే సాయంత్రానికి మళ్లీ మజ్జిగే. అతను భార్యను చూసిన చూపుకు సుకన్యకు రెక్కలొచ్చినట్లయింది.

బైక్ మీద ఎల్లారెడ్డికి ఉరికి కొత్త డబ్బాలు తెచ్చాడు. కొంత పోసి, బండిని కాసేపు తిప్పి, లోపలి తడంతా దాంతో కడిగి వంపేశాడు. ఆ తర్వాత సుకన్య ప్రతి డబ్బాలోంచి ఒక్కో చుక్క పెనం మీద వేసి చూస్తేనే ట్యాంకులో పోశాడు. చుక్క పొగ కక్కింది గానీ చప్పుడు చేయలేదు. ఆ నిశ్శబ్దం వాళ్లిద్దరికీ సన్నాయి మేళంలా వినిపించింది.

దివాకర్ వచ్చేసరికి బండి గుర్రుమంటోంది. మహేందర్ బకెట్ నిండా తడిమట్టి ఎత్తి గాలిలో ఆపాడు. పాత బండి కదా, దిగుతుందేమోనని దివాకర్ కింద నిలబడి చాలాసేపే చూశాడు. అది వెంట్రుకవాసి కూడా దిగలేదు. అతను బేరం మొదలుపెట్టబోతే బాలయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఏమనుకోకు తమ్మీ. మంచిగ నడిచే బండిని ఎవలన్న అమ్ముతరా?”

ఆ తర్వాత పెనం సంగతంతా చెప్పాడు. డిగ్రీ చదివిన కోడలని, మెకానిక్‌లకు తట్టనిది ఆమెకు తట్టిందని, తానే పక్కనుండి పెనం కాల్చినంత గొప్పగా చెప్పాడు. మహేందర్ ఛాతీ రెండింతలైంది. సత్యమ్మ గుమ్మంలోకి వచ్చి మరీ విన్నది. మస్కట్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

దివాకర్ మాత్రం డ్రమ్మును చూసి నవ్వాడు. “ఆయిల్ డ్రమ్మును షెడ్డుల పండవెట్టాలె గద. వానల ఎవలు నిలవెట్టిండ్రు?”

సుకన్య తల దించుకుంది. పెళ్లయిన మర్నాటి నుంచి పొద్దుగూకితే ఇద్దరూ ఆ డ్రమ్ము మీదే కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. ఇద్దరికీ ఇరుకే. ఆ ఇరుకే బాగుండేది. “నీ కోసమే తెచ్చి నిలవెట్టిన” అని మహేందర్ చెప్పిన నాటి నుంచి ఆమెకు అది సింహాసనం.

మహేందర్ ఒకడుగు ముందుకు వేశాడు. “నేనే నిలవెట్టినన్నా. తప్పు నాదే.”

తప్పును ఇంత ధైర్యంగా నెత్తిన వేసుకున్న మొగుణ్ణి చూసి సుకన్య మురిసిపోయింది.

బాలయ్య గొంతు సవరించుకున్నాడు.

“వాడు అప్పుడు ఇంట్లనే లేడు. ఇంటినిండ సుట్టాలు, కొత్త పిల్లకు మొగనితోని కూసోని ముచ్చట వెట్టుకునే జాగ గూడ లేదని ఆ డ్రమ్ము దొర్లించుకపోయి నిలవెట్టింది నేను.”