వియ్యపురాళ్ల మోకాళ్లు

"మీరా!"

"మీరేంటి ఇక్కడ?"

స్త్రీల డాక్టరు గది ముందున్న బెంచీకి చెరో కొసన కూర్చోబోయిన ఇద్దరు వియ్యపురాళ్లూ సగంలో ఆగిపోయారు. ఒకావిడ అమ్మాయి తల్లి, టైలరింగ్ షాపు నడుపుతుంది. రెండో ఆవిడ అబ్బాయి తల్లి, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైంది. పెళ్లిలో మొదలైన పోటీ మనవరాలు పుట్టాక కూడా తగ్గలేదు. ఒకరు గొలుసు పెడితే రెండోవారు గాజులు పెట్టే బాపతు.

"మోకాళ్ల నొప్పులు వదినగారూ," అంది అబ్బాయి తల్లి.

"నాకూ మోకాళ్లే."

ఇద్దరూ తలెత్తి తలుపు మీది బోర్డు చూశారు. అందులో మోకాళ్ల ఊసే లేదు.

అంతలో నర్సు తలుపు తీసింది. "గర్భసంచి తీయించుకున్నాక జారిందన్నది మీ ఇద్దరికేగా? రండి, మేడం ఇద్దరికీ కలిపే చెప్తారట."

ఇక దాచడానికేముంది? వియ్యపురాళ్లు నేల చూపులు చూస్తూ లోపలికి నడిచారు.

"ముందు ఆ సిగ్గు బయట పెట్టి రండి," అంది డాక్టరు. "గర్భసంచి తీసేశాక కొందరికి పైన పట్టు సడలి యోని కిందికి జారుతుంది. మీ ఇద్దరికే వచ్చింది కాదు." టైలరు వైపు తిరిగింది. "మీకు పొట్ట మీద చిన్న రంధ్రాలు పెట్టి, వలలాంటి మెష్‌తో నడుం కింది ఎముకకి కడదాం. ఆపరేషన్ పెద్దదే, కానీ పట్టు ఎక్కువ కాలం నిలుస్తుంది. అరుదుగా ఆ మెష్ ఇబ్బంది పెట్టొచ్చు, అదీ చెబుతున్నాను." తర్వాత హెడ్‌మిస్ట్రెస్‌తో అంది. "మీకు కిందనుంచే కుట్లు వేసి లోపలున్న గట్టి పట్టీకి బిగిద్దాం. పొట్ట జోలికి వెళ్లక్కర్లేదు, త్వరగా తేరుకుంటారు. మళ్లీ జారే అవకాశం మాత్రం దీనికి కాస్త ఎక్కువ."

అబ్బాయి తల్లి మూతి ముడిచింది. "అంటే ఆవిడకి గట్టిదీ, నాకు నాసిరకందీనా?"

"నాసిరకం కాదమ్మా. మీ గుండెకి అంతసేపు మత్తు మంచిది కాదు."

"పోనీ ఆ మెష్ వదినగారికే వేసెయ్యండి డాక్టరుగారూ," అంది అమ్మాయి తల్లి ఎక్కడలేని పెద్దమనసుతో. "లేకపోతే ఇదీ నన్ను జీవితాంతం దెప్పుతారు."

"మార్చుకోడానికి చీరలా అమ్మా ఇవి?" డాక్టరు నవ్వు ఆపుకోలేకపోయింది. "ఏ ఆపరేషనూ వద్దంటే, జారకుండా ఇప్పుడు లోపల పెట్టిన రింగే మార్చుకుంటూ గడిపెయ్యొచ్చు."

"రింగొద్దు!" అన్నారిద్దరూ ఒక్కసారే. పెళ్లి ముహూర్తం తర్వాత వాళ్లిద్దరూ ఒక్క మాట మీదికి రావడం మళ్లీ ఇదే.

"అయితే ఆరు వారాలు బరువులెత్తకూడదు, దగ్గర మనిషి ఉండాలి. ఎవరుంటారు?"

ఇంట్లో మగవాళ్లకి ఏమని చెప్పాలి? ఆ ఒక్క మాట నోరు దాటకే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చారు. ఆలోచించి చెప్తామని బయటికొచ్చి బెంచీ మీద కూలబడ్డారు. ఈసారి పక్కపక్కనే.

"పిల్ల పుట్టినరోజునాడు మధ్యలో లేచి వెళ్లిపోయారు," అంది అమ్మాయి తల్లి. "మా మర్యాదలు నచ్చలేదేమో అనుకున్నాను."

"నిలబడలేకపోయాను వదినగారూ. మరి మీరో? పిల్లని ఎత్తుకోమని ఇస్తే వద్దన్నారు. ఆడపిల్లనేమో అని నేను ఎంత నొచ్చుకున్నానో!"

"అయ్యో! ఎత్తుకుంటే లోపలిదంతా బయటికొచ్చేస్తుందేమోనని భయం. ఆ రాత్రంతా ఏడ్చాను."

ఎన్ని నెలలు ఈవిణ్ణి మనసులో తిట్టుకుందో తలచుకుంటే అబ్బాయి తల్లికి తన మీద తనకే రోత పుట్టింది. వియ్యపురాలి చెయ్యి పట్టుకుంది.

"ఇంట్లో మోకాళ్లకి వైద్యమనే చెప్దాం. ముందు మీరు చేయించుకోండి, నేను తోడుంటాను."

"పెద్దవారు, ముందు మీరు."

"పిల్లని ఎత్తుకోవాల్సింది మీరు. ముందు మీరే!"

పోటీ మళ్లీ మొదలైంది, కాకపోతే ఈసారి వెనక్కి తగ్గడంలో.

"ఒకటి మాత్రం. మీ కూతురికి చెప్పకండి," అంది అబ్బాయి తల్లి.

"నేనా? ఛఛ!" అమ్మాయి తల్లి గోడ గడియారం వైపు చూసింది. "మీరూ మీ కోడలి దగ్గర నోరు జారకండి."

"నాకేం పని?" అబ్బాయి తల్లి ఫ్యాను వైపు చూసింది.

నర్సు అటుగా వస్తుంటే ఆపి అడిగారు. "ఏమ్మా, పేషెంటూ తోడు మనిషీ ఉండేలా ఒక గది దొరుకుతుందా?"

"మీ గది ఎప్పుడో అడిగి పెట్టారండీ, రెండు మంచాలతో," అంది నర్సు. "'అమ్మ సంగతి అత్తయ్యకీ, అత్తయ్య సంగతి అమ్మకీ చెప్పనని ఇద్దరికీ ఒట్టేశాను, అందుకే ఇద్దర్నీ ఒకే టైముకి పంపిస్తున్నా, తోడు నేనుంటా' అని ఒకమ్మాయి ఫోన్ చేసిందిలెండి."